మా ఇంటి మొన్న

గత శుక్రవారం మా ఖాలా కూతురు, అంటే మా అమ్మ చెల్లెలి కూతురు, కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి ఒక తెలుగు వ్యాసం పంపి, కింద “చదువు ఆపా, ఏడుపొస్తది” అని, ఆపా అంటే అక్కనైన నాకు ప్రత్యేకంగా సిఫారసు చేసింది. చదివాను. ఏడుపు రాలేదు, ఎందుకంటే అది నేను రాసినదే. చివర ఎవరో పెద్దమనిషి తన పేరు పెట్టుకుని, పైన రెండు దండాల బొమ్మలు కూడా అతికించాడు. దొంగతనం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. కానీ అతడు దొంగిలించి ఊరుకోలేదు, దిద్దాడు. “మొన్న మా అమ్మమ్మ పోయింది” అన్న నా మొదటి వాక్యం “ఎనిమిదేళ్ల క్రితం మా అమ్మమ్మ పరమపదించింది” అయింది. నా ఆగ్రహమంతా ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

నాకు తెలుగు రావడానికి గొప్ప కారణమేదీ లేదు. బోయిగూడలో మా ఇంటికి ఉర్దూ బడి రోడ్డు అవతల, తెలుగు బడి ఇవతల ఉండేవి. పిల్లను రోడ్డు దాటించే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆ రోడ్డు పుణ్యమా అని నేను మా వంశంలో మొదటి పట్టభద్రురాలినై, చిలకలగూడలో బడిపిల్లల గైడ్లు అచ్చువేసే ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరాను. చదువూ ఉద్యోగమూ రెండూ అబ్బా, అంటే మా నాన్న, మా మామూకు ఎదురు నిలిచి నాకు ఇప్పించినవి. మామూ అమ్మకు అన్న. ఆడపిల్ల పేరు బయట వినపడరాదన్నది ఆయన జీవిత సిద్ధాంతం. తన సొంత కూతురి పెళ్లి కార్డు మీద తన పేరు, పెళ్లికొడుకు పేరు, ఫంక్షన్ హాలు పేరు, చివరికి కార్డు అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా వేయించి, పెళ్లికూతురి పేరు మాత్రం వదిలేశారు. ఆ కార్డు చూసి అల్లుడు హాలునే నిఖా చేసుకుంటున్నాడని ఎవరైనా అనుకుని ఉంటే తప్పు వారిది కాదు.

అందువల్ల నేను బ్లాగు మొదలుపెట్టినప్పుడు పేరు లేకుండానే మొదలుపెట్టాను. నా పేరు మామూ చెవిన పడిన రోజున ఉద్యోగం పోతుంది, దానితోపాటు అబ్బా మాట కూడా పోతుంది. మిద్దె మీద ఆరేసిన బట్టల మధ్య నిలబడి, ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు అక్షరాలు పుట్టే ఆ విచిత్రాన్ని చూస్తూ, మా ఇంటి సంగతులు రాసేదాన్ని. మతాన్ని దాచలేదు, చెప్పనూ లేదు. అమ్మను తెలుగులో అమ్మ అనే అంటారు కనుక అమ్మ అనే రాశాను. మిగిలినదంతా చదివేవారే ఊహించుకున్నారు. ఊహించడంలో వారిది అందెవేసిన చెయ్యి. ఒకరు నన్ను సంస్కృత పండితుల మనవరాలిని చేశారు, మరొకరు గోదావరి ఒడ్డున ఇల్లు కట్టించి ఇచ్చారు.

మా కార్యాలయంలో పెద్ద సంపాదకులొకరు ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన మనిషి. తెలుగు భాష తమ తరువాత ఏమైపోతుందోనన్న దిగులు తప్ప వేరే దిగులు ఎరుగరు. మధ్యాహ్నం భోజనాల వేళ నా బ్లాగును, నాదని తెలియకుండా, అందరికీ చదివి వినిపించేవారు. “చూడమ్మా, తెలుగంటే ఇదీ. ఎవరో పాతకాలపు ఇంట పుట్టిన పిల్లయ్యుంటాది. నువ్వూ రోజూ చదువు, నీకూ కొంచెం నుడికారం పడతాది” అని నాకు హితవు చెప్పారు. తప్పకుండా చదువుతాను సార్ అని, ఆయన స్వయంగా రాసిన ముందుమాటలోని అచ్చుతప్పులను దిద్దడంలో మునిగిపోయాను. అవి అచ్చుతప్పులేనని నేను పైకి అనేదాన్ని.

అలా ఉండగా ఒకనాడు నానీని గురించి, అంటే అమ్మమ్మను గురించి, రాశాను. మొదటి మాట మొన్న. గంట తిరగకముందే సంతాపాలు వచ్చి పడ్డాయి. ఆత్మకు శాంతి కలగాలన్నారు, పదకొండో రోజు ఎప్పుడని అడిగారు, మైలలో ఉండి రాయవచ్చునా అని ఒకాయన శాస్త్రం లేవనెత్తారు. ఒక మహాతల్లి తమకు తెలిసిన పురోహితుణ్ణి పంపిస్తానని కూడా అన్నది. నానీ మౌలాలి గుట్ట దిగువన మట్టిలో కలిసి అప్పటికే ఎనిమిదేళ్లు. గోరింటాకు నూరుతున్న అమ్మకు సంగతి చెప్పాను. నానీ మొన్న పోయిందని రాసినందుకు అందరూ ఓదారుస్తున్నారన్నాను. అమ్మ తలెత్తకుండానే “తో? పర్సోంచ్ గయీ నా” అన్నది. అయితే ఏమిటి, మొన్ననే కదా పోయింది అని దాని అర్థం. మా ఇంటి ఉర్దూలో జరిగిపోయినదంతా పర్సోం. కిందటి వారం పర్సోం, నా బారసాల పర్సోం, నిజాము కూడా పర్సోమే. నేను ఆ పర్సోంను తెలుగులోకి తెచ్చి మొన్న అన్నాను.

ఆ మాటను సరిదిద్ది ఊరుకోవచ్చు. లేదా పంపబోయే పురోహితుణ్ణి ఆహ్వానించవచ్చు. రెండింటిలోనూ నానీ నానీగా మిగలదు. అందుకని మర్నాడు వివరణ రాశాను. మాది బోయిగూడ, మా ఇంటి భాష ఉర్దూ, ఎనిమిదేళ్లయినా మాకు మొన్ననే, పదకొండో రోజు మాకు ఉండదు, నలభయ్యో రోజు ఎప్పుడో జరిగిపోయింది అని. ఒకాయన తన సంతాపాన్ని తుడిచేసి వెళ్లారు. చనిపోయినది ఎవరో తెలియకముందు పెట్టినది కాబోలు. అంతకుముందు మీగడలా ఉందన్న భాషలోనే అనువాదపు వాసన పుట్టుకొచ్చింది. నిందించినవారిని నేను క్షమించగలను. “ముస్లిం అయినా ఎంత చక్కగా రాశారు” అని మెచ్చుకున్నవారిని మాత్రం ఈనాటికీ క్షమించలేదు. ఆ “అయినా” మోసినంత ధూర్తత్వాన్ని తెలుగులో ఇంకే చిన్న మాటా మోయదు.

మధ్యాహ్నం సంపాదకులు టిఫిన్ డబ్బా మూత తీయకుండానే నా వైపు తిరిగారు.

“ఏటమ్మా ఇది, మొన్నంటే నిన్నటికి ముందురోజు. ఎనిమిదేళ్లని మొన్నంటారేటి ఎవరైనా? నేను ముందే అనుకున్నాను, ఈ భాషలో ఏదో తేడా ఉందని.” డబ్బా మూత తీసి, “బోయిగూడట. మీ వాళ్లందరూ ఒకరికొకరు తెలుసుంటారు కదా, ఎవరీ పిల్ల?” అన్నారు.

“మా వాడకట్టుల శానమంది ఉంటరు సార్. నాకు తెల్వది.”

“మీ ఇళ్లలో ఇలాగే అంటారేటి మరి?”

“మేమే కాదు సార్, మా పక్కింటి అవ్వ సుత గట్లనే అంటది. ఆమెది యాదవుల ఇల్లు.”

ఆయన “సావాస దోషం” అని తేల్చి, పెరుగన్నం కలుపుకున్నారు.

నేను బ్లాగు మూయలేదు. పాఠకుల వ్యాఖ్యలను మాత్రం మూసివేసి, పేరు లేకుండానే ఇంకా చాలాకాలం రాశాను. ఆ తరువాత కొన్నేళ్లకు సంపాదకుల వీడ్కోలు సభ జరిగింది. శాలువా నా చేతిలోనే ఉంది. ఆయన లేచి నిలబడి, “మొన్న మొన్ననే సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగినట్టుందండీ” అన్నారు. అది ముప్పై ఏళ్ల కిందటి రైలు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నిన్నటికి ముందురోజు కాదా సార్ అని ఎవరూ అడగలేదు. నేను శాలువా అందించి, అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

ఇదంతా గుర్తుకు వచ్చి, శుక్రవారం నాడు, మామూ కూడా ఉన్న ఆ కుటుంబ గ్రూపులోనే మా ఖాలా కూతురికి జవాబు రాశాను. ఈ వ్యాసం నాది, ఇందులోని అమ్మమ్మ మన నానీ, మొదటి మాట తప్పుగా పడింది, అది మొన్న అని. “హౌ ఆపా, పర్సోంచ్ కదా”, అవునక్కా మొన్ననే కదా, అని వెంటనే వచ్చింది, తరువాతి ప్రశ్నలన్నీ తరువాత వచ్చాయి. తెలుగు చదవడం రాని మామూ నా సందేశానికి ఒక బొటనవేలు పెట్టి ఆశీర్వదించారు. ఇన్నేళ్లు నేను దాగింది ఆ బొటనవేలికి భయపడే.

నా వివరణలోని ఎనిమిదేళ్లు తెచ్చి దిద్దిన పెద్దమనిషి లెక్క నేను రాసిన మరుసటి ఏడాదికే తప్పిపోయింది, ఏటేటా ఇంకా తప్పుతూనే ఉంది. నానీ పోయింది మాత్రం ఇప్పటికీ మొన్ననే. ఆ మాటను దిద్దవలసిన అవసరం ఇంకా రాలేదు.