మాలకొండయ్య టిచ్ బటన్ పళ్ళు

2022 వేసవి. ఆత్మకూరులో నా పళ్ళ ఆస్పత్రికి ఉదయగిరి నుంచి మాలకొండయ్య వచ్చాడు, వెంట భార్య రమణమ్మ. ఆటో స్టాండులో నిలబడి ప్రయాణికుల్ని పిలవడం ఆయన పని. సొంత పన్ను ఒక్కటీ లేదు. ఎక్కడో కట్టించుకున్న పళ్ళ సెట్టు నోట్లో కంటే జేబులోనే ఎక్కువ ఉండేది.

పిలవాల్సిన ఊరేమో దుత్తలూరు. అది పలకాలంటే నాలుక రెండుసార్లు పళ్ళను తాకాలి. తాకినప్పుడల్లా కింది సెట్టు లేచి వచ్చేది. అందుకని "దు" అని ఆగి, గడ్డం దగ్గర చెయ్యి పెట్టి సెట్టు సర్దుకుని, అప్పుడు "త్తలూరు" అనేవాడు. ఒకరోజు చెయ్యి ఆలస్యమైంది. సెట్టు ఎగిరి, కదులుతున్న ఆటోలో ఒకామె నిమ్మకాయల సంచిలో పడింది. ఆయనకంటే ముందు ఆయన పళ్ళు దుత్తలూరు చేరాయి. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నిమ్మకాయలు కాస్త పెరిగాయేమో గానీ, పళ్ళు మాత్రం అవే.

ఆటోవాళ్ళు నవ్వి ఊరుకోలేదు. దసరాలోగా పిలుపు సరికాకపోతే రికార్డు చేసి మైకు పెట్టేస్తామన్నారు.

"మైకొస్తే ఇంట్లో కూకోని ఈమె కుట్టు మిషన్ చప్పుడు వినాల్సిందే సార్" అన్నాడు. రమణమ్మకు కూడా ఆ ఆలోచన నచ్చినట్టు లేదు.

పళ్ళు పోయి చాలా ఏళ్ళయితే దవడ ఎముక కరిగిపోతుంది. సెట్టు కూర్చోవడానికి గట్టు మిగలదు. ఎముక తక్కువగా ఉంది, సీబీసీటీ తీయాలన్నాను. దవడను అన్ని వైపుల నుంచీ చూపించే స్కాన్ అది. మనిషి అప్పటికి వెళ్ళిపోయి నెల తర్వాత వచ్చాడు, బుగ్గలు నిగనిగలాడుతూ.

"నెలంతా మేకకాళ్ళ పులుసు తాగినాను సార్. ఎముక పెరిగుంటాది. ఇప్పుడు తియ్యి ఫోటో."

పెరిగింది పొట్టే. స్కానులో దవడ వెనక వైపు ఎముక పల్చగా ఉంది, కిందనే పెదవికి స్పర్శనిచ్చే నరం. అక్కడ చెయ్యి పెడితే పెదవి మొద్దుబారి, పిలుపుకే మోసం. ముందు వైపు, గడ్డం దగ్గర మాత్రం గట్టి ఎముక కొంచెం మిగిలింది. రెండు ఇంప్లాంట్లకు చాలు. ఇంప్లాంటంటే పంటి వేరుకు బదులుగా ఎముకలో బిగించే టైటానియం మర.

మర అనేసరికి మాలకొండయ్య కుర్చీ దిగిపోయాడు. గోడకు మేకు కొట్టించుకున్నట్టు కొట్టించుకోనన్నాడు. రమణమ్మ మాత్రం మర తల పైకి కనబడుతుందా అని అడిగింది. కనబడుతుంది, సెట్టు అడుగున దానికి సరిపడే గిన్నె ఉంటుంది, నొక్కితే పట్టుకుంటుంది, లాగితే వస్తుంది అన్నాను.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "టిచ్ బటనయ్యా. జాకెట్లకు కుడతానే, అదే. కూకో."

కూర్చున్నాడు. కాలేజీలో అన్నేళ్ళు చదివి నేను చెప్పలేనిది ఆ ఒక్క మాట చెప్పింది. ఇప్పటికీ ఆ మాటే వాడుకుంటున్నాను.

మర ఎముకలో కుదురుకునే దాకా బీడీ ముట్టకూడదన్నాను. రమణమ్మ కాపలా కాసింది. దసరా ముందు కొత్త సెట్టు టక్కున కూర్చుంది. దుత్తలూరు అనమన్నాను. అన్నాడు. బయట బెంచీ మీదున్న దుత్తలూరాయన సంచి తీసుకుని లేచి నిలబడ్డాడు.

కొన్నాళ్ళకు పనిమీద ఉదయగిరి వెళ్తే, స్టాండులో అదే పాత కేక: "దు... త్తలూరు." చెయ్యి గడ్డం మీదే. కారు దిగి, అక్కడే నోరు తెరిపించి లాగి చూశాను. బటన్లు ఇసుమంత కూడా వదులు కాలేదు.

"పళ్ళు గట్టిగానే ఉండాయి సార్" అన్నాడు నవ్వుతూ. "సాఫుగా పిలిస్తే అవ్వలు ఎక్కడంలా. గొంతు ఎవడో కొత్తోడిది, ఆటో యాడికి పోతాదో అంటన్నారు. గిరాకీ పోతాదని ఆటోవాళ్ళే పాత మాదిరే పిలవమన్నారు."

మైకు ఊసే లేదట. నా ముందే చెయ్యి మళ్ళీ గడ్డం మీద పెట్టాడు. ఆటో నిండింది.

అప్పటినుంచీ పళ్ళు కావాలని ఎవరొచ్చినా, నోరు తెరవమనే ముందు కాసేపు మాట్లాడనిస్తున్నాను.