ఇంటి నుంచే ఏడుపు

లాక్‌డౌన్‌లో అందరూ ఇంటి నుంచి పని చేశారు. నేను ఇంటి నుంచి ఏడ్చాను. తెలుగులోకి డబ్బింగ్ అయ్యే సీరియళ్లలో అత్తలకీ తల్లులకీ గొంతు ఇవ్వడం నా బతుకుతెరువు. ఈ వయసులో వచ్చేవన్నీ ఏడుపు వేషాలే. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదంటారు. డబ్బు తీసుకుని ఏడ్చే ఆడదాని సంగతి ఏ సామెతా చెప్పలేదు.

స్టూడియోలు మూసేశాక మద్రాసు సాలిగ్రామంలోని మా మేడమీది వాటాలో మిగిలింది నేను, ఒక పిల్లి, ఒక కుక్క. పిల్లికి నేను నవ్వినా ఏడ్చినా ఒకటే, వేళకి పాలు పడితే చాలు. కుక్క అలా కాదు. వీధిలో దొరికినవాడు కాబట్టో ఏమో, నేను లేస్తే లేచేవాడు, నేను తింటే తినేవాడు. ఎదురుగా మనిషి లేక, రోజంతా వాడితోనే మాట్లాడేదాన్ని. కూరలో ఉప్పెక్కువైందా అని కూడా వాడినే అడిగేదాన్ని. వాడు లేకపోతే నాకు పిచ్చెక్కేది. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

పడకగదిలో బీరువా తలుపులు తెరిచి, వాటి మీద దుప్పట్లు కప్పి, మధ్యలో మైకు పెట్టుకుని రికార్డు చేసేదాన్ని. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేయాలి. మే నెలలో మద్రాసులో ఫ్యాను ఆపుకుంటే ఏడవడానికి వేరే కారణం అక్కర్లేదు. అసలు తంటా కుక్కతో వచ్చింది. నేను వెక్కడం మొదలుపెట్టగానే పరిగెత్తుకొచ్చి మొహం నాకేవాడు. అప్పటికీ ఆపకపోతే మోర ఎత్తి తనూ అందుకునేవాడు. బయట పెట్టి తలుపేస్తే గీకుతూ ఇంకా పెద్దగా ఊళ పెట్టేవాడు.

కింద వాటాలో ఇంటావిడ ఉండేది. తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఒకరోజు మెట్ల దగ్గర నిలబడి అడిగింది.

"ఏమ్మా, ఊర్లో ఎవరికైనా ఏమన్నా అయిందా? నువ్వూ ఏడస్తా ఉండావు, ఆ కుక్కా ఏడస్తా ఉండాది. పావం!"

"పనండీ, సీరియల్ పని."

"అయ్యయ్యో, నేను నిజమనుకున్నా! ఆ కుక్క గూడా అట్నే అనుకునిందిమా."

ఆవిడ నవ్వింది. నేను నవ్వే స్థితిలో లేను, ఎందుకంటే ఆ పొద్దునే హైదరాబాద్ నుంచి సౌండ్ ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఏడుపు సూపరుంది. గని మధ్యల ఆ కుక్కేంది? ఇంకోసారి అట్లొస్తే వేరేటోళ్లకు ఇస్తమంటున్నరు."

అప్పుడు నాకున్న పని ఆ ఒక్క సీరియలే. అందుకని కుక్కకి పాఠం మొదలుపెట్టాను. హాల్లో ఒక మూల గోనెసంచి పరిచాను. పని లేనప్పుడు కూడా ఊరికే వెక్కేదాన్ని. దగ్గరికొస్తే మొహం తిప్పుకునేదాన్ని, గోనె మీద కూర్చుంటే రస్కు ముక్క ఇచ్చేదాన్ని. మొదట్లో, ఇదేం మనిషిరా బాబూ అన్నట్టు చూసేవాడు. ఆ చూపు నాకు కష్టంగానే ఉండేది. పోనుపోను నేర్చుకున్నాడు. మొదటి వెక్కు వినబడగానే తనే వెళ్లి బుద్ధిగా కూర్చునేవాడు. ఇంజనీరు సంతోషించాడు. ఇంటావిడ అడగడం మానేసింది.

తర్వాత ఒక ఉదయం ఫోన్ వచ్చింది. ఎన్నో ఏళ్లు నాతో ఒకే మైకు ముందు నిలబడిన స్నేహితురాలు ఆసుపత్రిలో పోయింది. నేను తల్లినైతే తను కూతురు. టేకుకీ టేకుకీ మధ్య నా ఫ్లాస్కులో కాఫీ సగం తనదే. చూడటానికి ఎవరినీ రానివ్వడం లేదన్నారు. వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. మైకు ముందు ఏడ్చే ఏడుపు కాదు. ముక్కు కారుతూ, గొంతు బొంగురుపోయి, వినడానికే బాగుండని ఏడుపు.

పక్కనే పడుకున్న కుక్క లేచాడు. నా వైపు చూడకుండా నడుచుకుంటూ వెళ్లి గోనె మీద కూర్చున్నాడు.

"రారా," అన్నాను ఏడుస్తూనే. చెవులు వెనక్కి వాల్చి ఇంకా గట్టిగా కూర్చున్నాడు. కింద ఇంటావిడ ఎవరికో చెబుతోంది. "ఏం లేదులే, పైన ఆయమ్మ సీరియల్ పని చేస్తా ఉండాది."

ఎవరి మీదా కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి కదా. ఇంత పెద్ద ఊళ్లో నా ఏడుపుని నమ్మే ప్రాణి ఒక్కటీ మిగల్లేదే అని మాత్రం అనిపించింది.

లేచి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ నేల మీద కూర్చున్నాను. గొంతు సవరించుకుని, ఏమీ జరగనట్టు, అన్నానికి పిలిచే గొంతుతో పిలిచాను. తోక ఊపుకుంటూ వచ్చి ఒళ్లో తల పెట్టాడు. ఆ తల బరువుకి మళ్లీ ఏడుపు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుని మింగేశాను. ఏడిస్తే లేచి వెళ్లిపోతాడు.