ఆర్జియా చెప్పే ఒక్క మాట

ఫ్లోరెన్సులో సాంతాంబ్రోజో సంత బయట, నా పాత పుస్తకాల బల్ల పక్కనే నెడో పాతబట్టల బల్ల. రెండింటి మధ్య మడతకుర్చీలో అతని పిన్ని ఆర్జియా కూర్చునేది. పెద్ద పేరున్న బట్టల కంపెనీలకు ముప్పై ఒక్క ఏళ్లు ఇంటి దగ్గరే లైనింగులు కుట్టిన మనిషి. తోర్నబువోని వీధి అద్దాల కొట్లలో కొనే పెద్దింటి సిన్యోరాలు కూడా, సంతలో ఏదైనా దొరికితే ముందు ఆమె ఒళ్లో పెట్టేవారు. ఆర్జియా దాన్ని లోపలివైపు తిప్పి, కుట్లు వేళ్లతో తడిమి, "తీసుకో" అనో "వదిలెయ్" అనో అనేది. అందుకు పుచ్చుకునేది ఒక కాఫీ.

ఆ అక్టోబరు సోమవారం నెడో ఒంటెరంగు కోటు ఒకటి ముందు వరసలో వేలాడదీశాడు. మెడ దగ్గర పెద్ద కంపెనీ లేబుల్. అంతకు రెండేళ్ల ముందు ఒకసారి దొంగ లేబుల్‌తో దొరికాడు. మళ్లీ దొరికితే లైసెన్సు పోతుందని నగరపాలక పోలీసులు రాసి మరీ ఇచ్చారు.

"ఇది అసలుదేనా?" అని అడిగాను.

"మీరు పుస్తకాలు చదువుకోండి మాస్టారూ," అన్నాడు.

పదిన్నరకు జినేవ్రా సిన్యోరా వచ్చింది. నెడో దగ్గర ఎప్పుడూ కొనే మనిషే. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంది. పదడుగుల దూరంలో ఇద్దరు పోలీసులు నిలబడి కాఫీ తాగుతున్నారు. నెడో సర్దిన హాంగర్లే మళ్లీ సర్దుతున్నాడు.

"బావుంది. అయినా ఆర్జియాగారు చూడాలి," అంటూ ఆమె కోటు విప్పింది.

"పిన్నికి ఈమధ్య చూపు ఆనడం లేదండీ."

"నా చూపు సంగతి నీకెందుకురా. నేను చూసేది వేళ్లతో."

ఆమె వేళ్లు లైనింగు మీదుగా చేతుల దాకా పోయి, వెనక్కి వచ్చి, మెడ దగ్గర ఆగిపోయాయి. ఆ లేబుల్ కుట్లు ఎడమకు వాలి ఉన్నాయట. ఆర్జియాది ఎడమచేతివాటం. తల్లి పోయాక ఆమె దగ్గరే పెరిగిన నెడో, ఆమెను చూసి ఎడమచేత్తోనే కుట్టడం నేర్చుకున్నాడు.

"చెప్పండి మరి." సిన్యోరా గొంతు కాస్త పెరిగింది. పోలీసుల్లో ఒకడు తల తిప్పాడు.

ఆర్జియా వేలితో ఆమెను దగ్గరకు పిలిచింది. "మెల్లగా వినమ్మా. బట్ట మంచిది, కోత మంచిది. లేబుల్ కుట్టింది మాత్రం మా ఇంటి చెయ్యి. కంపెనీవాళ్లు లేబుళ్లు మాకెప్పుడూ ఇవ్వలేదు."

సిన్యోరా నెడోను చూసింది. తర్వాత పోలీసులను చూసింది.

"అయితే వదిలెయ్యమంటారా?"

"లేబుల్ కోసమైతే వదిలెయ్. చలికైతే తీసుకో."

ఆమె చేతితొడుగులు ఒక్కో వేలే ఎక్కించుకుంది. "చలికి నాకు చాలానే ఉన్నాయి," అని పోలీసుల పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది. వాళ్లతో ఏమీ అనలేదు.

"తీసుకో అని ఒక్క మాట అంటే పోయేది కదా పిన్నీ," అన్నాడు నెడో.

"నాకున్నది ఆ ఒక్క మాటేరా. కత్తెర ఇలా తే."

లేబుల్ ఊడదీసి, కప్పులో మిగిలిన కాఫీలో పడేసింది.

వారమంతా అతను ఆమెతో మాట్లాడలేదు. మధ్యాహ్నం బోటి పెట్టిన రొట్టె మాత్రం పొట్లం కట్టించి కుర్చీ మీద పెట్టిపోయేవాడు.

మరుసటి సోమవారం బల్ల మీద ఒక్క బట్టా పరచకముందే, మూట మొత్తం తెచ్చి ఆమె ఒళ్లో దించాడు. పైన పట్టు జాకెట్టు ఉంది. ఆమె దాన్ని లోపలివైపు తిప్పింది.

"వదిలెయ్."

"అది అసలుదే పిన్నీ, ఒట్టు."

"అసలుదే. చంకల్లో చెమట మరక చూశావా? పోయి ఉతుక్కురా."