ఆగు అక్కా, వస్తున్న

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ ముక్క మొదటే చెప్పేస్తే మంచిది. తర్వాత ఎవరూ నన్ను పిరికిదాన్నని అనుకోకూడదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నేను రీజనింగ్ చెబుతాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. క్లాసులో ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురుపోయింది. హాస్టల్ రోజుల్లో బాత్రూమ్‌లో ఎవరో ఏడుస్తున్నారని అందరూ దుప్పట్లో దూరితే, వెళ్లి నల్లా కట్టేసి వచ్చినదాన్ని నేనే.

ఆ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్నవాళ్లు సరిత, లావణ్య. సరిత ఇప్పుడు నారాయణగూడలో ఒక బ్యాంకులో పనిచేస్తోంది. లావణ్య గ్రూప్స్ రాసి రాసి విసిగి, చివరికి తనే అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ పెట్టుకుంది. సెలవు దొరికితే చాలు, ముగ్గురం చిక్కడపల్లిలో మా ఇంట్లో చేరి టీలు తాగుతూ లోకాన్ని తిట్టుకుంటాం.

పోయిన ఏడాది వానలు తగ్గాక ఎక్కడికైనా పోదామనుకున్నాం. లావణ్య హాస్టల్లో వంట చేసే బాలమణి, "మా ఊరి గుట్టకు పోదం రాండ్రి మేడం, నేను తోలుకపోత" అంది. ఆమెది అచ్చంపేట వైపు పల్లె. గుట్ట సగంలో ఒక గుహ, లోపల శివలింగం, పైన శిఖరం మీద చిన్న గుడి. పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

ఆదివారం సరిత కారు తీసింది. రోడ్డు ఖాళీగా ఉంది, ఎండ ఎక్కకముందే గుట్ట కిందికి చేరాం. అక్కడ మా కారు తప్ప ఇంకో బండి లేదు. ఎక్కడం మొదలుపెట్టగానే లావణ్య మోకాళ్లు పట్టుకుంది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట" అని నేనూ సరితా ఏడిపించాం. "మీకూ వస్తయిలే మోకాళ్ల నొప్పులు, అప్పుడు నవ్వుత" అని అది శాపం పెట్టింది. నవ్వుకుంటూనే గుహ దాకా ఎక్కాం.

గుహ అంటే పెద్ద నోరు తెరుచుకుని ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే మనిషి వంగి దూరేంత సందు. లోపల కొంతదూరం మోకాళ్ల మీద పాకితే లింగం ఉన్న గది వస్తుందట. నడుమ ఇద్దరు ఎదురుపడితే తప్పుకునే జాగా లేదు. ఒకరు వెనక్కి పాకాల్సిందే. అందుకే ఆ ఊరివాళ్లకు ఒక పద్ధతి ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి పోతారు, వాటిని చూస్తే లోపల మనుషులున్నారని తెలుస్తుంది. చెప్పులు లేకపోయినా సరే, దూరే ముందు ఒకసారి పిలవాలి.

"జవాబొస్తే ఆగాలె మేడం. వాళ్లు బయటికొచ్చినంకనే మనం పోవాలె. మా తాతల కాన్నుంచి గిదే పద్ధతి" అంది బాలమణి.

నాకు ఆ పద్ధతి నచ్చింది. సింగిల్ లైన్ మీద రైళ్లు ఇలాగే నడుస్తాయి. సందు దగ్గర వంగి, క్లాసులో చివరి బెంచీని లేపే గొంతుతో "లోపల ఎవరన్న ఉన్నరా?" అని అరిచాను.

లోపలి నుంచి జవాబు వచ్చింది. "ఆగు అక్కా, వస్తున్న."

మగగొంతు, చిన్న వయసుది. కొంచెం ఆయాసపడుతున్నట్టు ఉంది. అంతకుమించి అందులో వింత ఏమీ లేదు. నారాయణగూడ మార్కెట్లో ఏ కుర్రాడైనా అలాగే అంటాడు. నలుగురం విన్నాం. బయట రాళ్ల మీద కూర్చుని సరిత తెచ్చిన సకినాలు నమలడం మొదలుపెట్టాం.

బాలమణి మాత్రం కూర్చోలేదు. "మేడం, చెప్పుల్లేవు గద" అంది.

"ఇప్పటి పోరగాండ్లు షూ ఇప్పుతరా బాలమణీ? నీ పద్ధతులు వాళ్లకేం తెలుసు?" అన్నాను. కారణం దొరికేసిందని నాకు హాయిగా కూడా అనిపించింది. ఏ ప్రశ్నకైనా ఠక్కున జవాబు చెప్పే జబ్బు ఉంది నాకు.

సకినాలు అయిపోయాయి. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచాను. "జర ఆగు అక్కా, వస్తున్న" అని మళ్లీ అదే గొంతు. దగ్గరికి వచ్చినట్టు లేదు, దూరం పోయినట్టూ లేదు. నాకు తిక్క రేగింది. వాడు లోపల దర్జాగా ఫోటోలు దిగుతున్నాడని, మేం బయట ఎండలో మాడుతున్నామని అనిపించింది.

"నేను పోతున్న. ఎదురైతే వాడే ఎన్కకు పాకుతడు" అన్నాను. లావణ్య వద్దంది. నేను విన్నానా? చెప్పులు విప్పి, చున్నీ నడుముకు కట్టుకుని, తలా భుజాలూ సందులో పెట్టాను. చేతుల కింద రాయి చల్లగా, తడిగా ఉంది. ఫోన్ టార్చ్ వేస్తే కనబడినంత మేరా ఖాళీ.

అప్పుడు ఆ గొంతు నా ముందే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పలికింది. ఈసారి అరవలేదు. మెల్లగా అంది.

"అక్కా, ఆగు."

వెలుతురులో ఎవరూ లేరు. నా బుర్ర ఏదో కారణం వెతికే లోపే మోచేతులు వెనక్కి నడిచాయి. బయటికి వచ్చి లేచానో లేదో, లోపల పెళ్లుమని చప్పుడు. కాళ్ల కింద గుట్ట అదిరింది. సందులోంచి దుమ్ము మా మొహాల మీదికి కొట్టింది.

బతికిపోయానన్న సంతోషం నాకు ఒక్క క్షణం కూడా లేదు. "లోపల ఆ పిల్లగాడున్నడే!" అని లావణ్య అరిచిన అరుపే వినబడింది. నలుగురం సందు దగ్గర పడి పిలిచాం. తమ్ముడూ అని పిలిచాం, బాబూ అని పిలిచాం. జవాబు లేదు.

ఫోన్లలో సిగ్నల్ లేదు. శిఖరం మీద దొరుకుతుందని బాలమణి చెబితే, ఆమెనూ లావణ్యనూ అక్కడే పిలుస్తూ ఉండమని నేనూ సరితా పైకి పరుగెత్తాం. ముళ్లకు బట్టలు చిరిగాయి, నా కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి కూడా మర్చిపోయాను. పైన గుడి ఎలా ఉందో, ఎంత దూరం కనబడిందో ఇప్పటికీ నాకు తెలియదు. సరిత పోలీసులకు ఫోన్ చేసింది. నేను బాలమణి ఇచ్చిన నంబరుకు, ఊళ్లో ఉన్న వాళ్లన్న సాయన్నకు చేసి, "ఒక పిల్లగాడు బండ కింద ఉన్నడన్నా, జల్ది రాండ్రి" అని ఏడ్చేశాను. మనుషుల ముందు ఏడ్చే అలవాటు లేదు నాకు.

సాయన్న, ఊరివాళ్లు గడ్డపారలతో వచ్చారు. పోలీసులూ వచ్చారు. పొద్దు వాలేదాకా చిన్న రాళ్లన్నీ తీశారు. పైకప్పు నుంచి ఊడిన పెద్ద బండ ఒకటి మాత్రం సొరంగానికి అడ్డంగా కూర్చుంది. నేను ఇంకో నాలుగు బారలు పాకి ఉంటే సరిగ్గా దాని కిందే ఉండేదాన్ని. బక్కపల్చటి మనిషి ఒకతను బండ మీద ఉన్న సందులోంచి దూరి, లింగం గది దాకా పోయి వచ్చాడు.

"ఎవ్వరు లేరు" అన్నాడు దులుపుకుంటూ.

లోపలికి వేరే దారి లేదని ఊరంతా చెప్పింది. చుట్టుపక్కల ఊళ్లలో తప్పిపోయినవాళ్లు లేరు. పోలీసాయన మమ్మల్ని జాలిగా చూసి, మీ గొంతే తిరిగొచ్చి ఉంటది మేడం అన్నారు. నేను 'ఎవరన్న ఉన్నరా' అని అడిగితే, నా గొంతు తిరిగొచ్చి నన్నే అక్కా అని పిలుస్తుందా? కావాలని ఎవరైనా ఆటపట్టించారనుకుందామంటే, మూడోసారి నా తల ఆ సందులోనే ఉంది, టార్చ్ వెలుతురులో ఎవరూ లేరు. మిగతా ముగ్గురూ ఆ మాట వినలేదు కాబట్టి అది నా భ్రమ అందాం. మొదటి రెండు జవాబుల మాటేమిటి?

ఇంకో సందేహం ఉంది. అది నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ పెద్ద బండ కింద ఎవరూ చూడలేదు. దాన్ని లేపాలంటే యంత్రం కావాలి, యంత్రం ఆ గుట్ట ఎక్కదు. తర్వాత చాలా రోజులు నేను క్లాసు అయిపోగానే సాయన్నకు ఫోన్ చేసి, పోయి చూశావా అని అడిగేదాన్ని. ఆయన పాపం విసుక్కోకుండా పోయి చూసేవాడు. ఒకరోజు, "వాసన గూడ లేదమ్మా. ఎవరన్న ఉంటే ఈపాటికి తెల్వకపోవునా?" అన్నాడు. నాకు గుండెల మీద బరువు దిగినట్టైంది. పూర్తిగా మాత్రం దిగలేదు.

నిజం చెప్పాలంటే, దయ్యం ఉందని ఒప్పుకోవడమే ఇప్పుడు నాకు తేలిక. కాదంటే, నన్ను వెనక్కి పంపిన ఒక పిల్లగాడిని ఆ బండ కింద వదిలేసి వచ్చానని ఒప్పుకోవాలి. అది నావల్ల కాదు. ఎంత ఆలోచించినా ఈ లెక్క తేలలేదు.

కార్తీకంలో శిఖరం మీది గుడిలో పేర్లు చెప్పి దీపాలు పెడతారట. నా తరఫున ఒకటి పెట్టమని సాయన్నకు ఫోన్ చేశాను. "ఎవరి పేరు మీద పెట్టాలె అమ్మా?" అని అడిగాడు.

"మా తమ్ముడి పేరు మీద పెట్టు" అన్నాను. పేరేందమ్మా అని ఆయన మళ్లీ అడిగాడు. మా అమ్మకు మేం ముగ్గురం ఆడపిల్లలమే.