సర్వపిండి పెట్టి మరీ తిట్టాను

నా నోటి దురుసుకు నా కూతురి ఉద్యోగమే ఊడబోయిన కథ ఇది. గుండె చిక్కబట్టుకొని చదవండి. నాకు చదువు అంతంతే గానీ, ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో కూడా మరిచిపోను. ఇక దీన్నెలా మరుస్తాను?

మా స్వరూప భూపాలపల్లి దిక్కున ఒక ఠాణాలో కొత్త ఎస్సై. మా కొడకండ్ల నుంచి బస్సులు మారి, సర్వపిండి రొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకొని చూడబోయాను. పిల్ల లేదు. పొలం గట్టు కొట్లాట తెంపడానికి పోయిందట. కానిస్టేబుల్ వెంకన్న కుర్చీ వేసి, గొంతు తగ్గించాడు.

"అవ్వా, మా మేడం మంచిది. కాని అరవది, బెదిరియ్యది. 'గీ పిల్ల ఠాణా ఏం నడుపుతది' అని ఎవలో పైన చెప్పిండ్రు. ఇయ్యాల్నో రేపో డీఎస్పీ సారు చూస్తానికి వస్తడు. ఆయనకు నచ్చకపోతే మేడంను తీస్కపోయి ఆఫీసుల కాయితాల కాడ కూసోబెడ్తరు."

పిల్ల వచ్చేదాకా కదిలేది లేదని డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

పక్క బల్ల మీద రజిత అనే అమ్మాయి ఏడుస్తోంది. మొగుడు ఫోన్ ఎత్తడట, పలకరించడట. నచ్చజెప్పడానికి స్వరూప అతన్ని ఠాణాకు పిలిపించింది.

"ఎట్లుంటడు బిడ్డా?" అని అడిగాను.

"తెల్లంగి, పెద్ద మీసాలు."

ముఖం కడుక్కోమని మహిళా కానిస్టేబుల్ ఆమెను లోపలికి తీసుకుపోయింది. అంతలోనే తెల్లంగి, పెద్ద మీసాలు గడప దాటి వచ్చాయి! వెంకన్న దిగ్గున లేవబోతే, ఆ మనిషి కూర్చోమని చెయ్యి ఊపాడు. పొగరు చూశారా? ఠాణాకు పిలిస్తే అత్తగారింటికి వచ్చినట్లు వచ్చాడు! వెంకన్న నాకేసి కళ్లు తెగ ఆడించాడు. గట్టిగా తిట్టమంటున్నాడనుకున్నాను.

"రా నాయినా, రా! పెండ్లాం ఫోన్ చేస్తె ఎందుకెత్తవ్?"

ఆయన బిత్తరపోయాడు. "పనిల ఉంటనమ్మా."

"నువ్వొక్కనివేనా పని చేసేటోనివి? నేను పొద్దంత పత్తి ఏరుత. అయినా ఇంటోళ్లతోని మాట్లాడ్తలేనా? 'తిన్నవా' అని అడుగుతానికి ఎంతసేపు పడ్తది?"

మీసాలు కిందికి వాలాయి. "నిజమే. రెండ్రోజుల సంది ఆమె మాట్లాడ్తలేదు."

"మరి మాట్లాడ్తదా? నేనైతే పొయ్యి కూడ ముట్టియ్యకపోదును. పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"లేదమ్మా."

"అయ్యో! ఇగో, సర్వపిండి. నువ్వులు బాగేసిన. తినుకుంట విను, ఇంక శాన తిట్టేదుంది."

పాపం, తింటూ విన్నాడు. ఇంకో ముక్క కూడా అడిగాడు. అప్పుడే జీపు దిగి, నా తిట్లు వింటూ వచ్చిన మా స్వరూప, గడపలోనే బిగుసుకుపోయి సెల్యూట్ కొట్టింది.

"జై హింద్, డీఎస్పీ సార్!"

నా చేతిలోని మూత కిందపడి, ఠాణా అంతా గిర్రున దొర్లింది. నా ప్రాణం దాని వెంటే పోయింది. బిడ్డ నౌకరీని నా చేతులారా మింగాను!

వేరే ఎవరైనా అయితే నన్ను గదిమి బయటికి పంపేవారు. స్వరూప నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, నీళ్లు తాగించింది.

"భయపడకు అవ్వా. తిట్లన్ని సరిగనే ఉన్నయి, మనిషే తారుమారైండు." తర్వాత సారు వైపు తిరిగింది. "మా అవ్వ సార్, కన్నతల్లి. మనసుల ఏం లేదు, నోరే పెద్దది. తప్పైతే నన్ననుండ్రి."

సారు మూతి తుడుచుకున్నాడు.

"నేను మఫ్టీల వచ్చిందే నిన్ను చూస్తానికి. అందరి ముంగట పరువు పోతున్నా నీ గొంతు లేవలే. భయపడ్డ మనిషికి ముందుగాల నీళ్లు తాపినవ్. గిట్లాంటి ఎస్సైని ఆఫీసుల కూసోబెట్టి ఏం చేస్త? ఇక్కడనే ఉండు, ఠాణా నువ్వే నడుపు."

అప్పుడు వచ్చాడండీ అసలు మొగుడు, తెల్లంగి వేసుకొని! నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. సారే లేచాడు. "రా నాయినా, రా! పెండ్లాం ఫోన్ చేస్తె ఎందుకెత్తవ్?" అని నా తిట్లన్నీ, పత్తి ఏరడంతో సహా, పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

వాడికి స్వరూప, లోపలి నుంచి వచ్చిన రజిత పక్కనే కుర్చీ వేసింది. సారు మాత్రం బయట జీపు చాటుకు పోయి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "హలో... నేనే... తిన్నవా?" అనడం మా అందరికీ వినిపించింది.

అందుకే ఆ డబ్బా మూత మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఏ ఠాణాలోనైనా పేరూ హోదా అడగకుండా ఎవరినీ తిట్టను. అడిగాకే తిడతాను.