నిస్సీ పేరు పిలిచే చోటు

నాటకంలో తిరుమలమ్మకు నేను మొగుణ్ణి, స్టేజీ దిగితే అన్నను. ఏళ్ల తరబడి ఆమెను తాగొచ్చి నానా తిట్లూ తిట్టి, తెర పడగానే "టీ తాగుదువు రామ్మా" అని పిలిచినవాణ్ణి. నా పేరు ఆదిమూలం. ఆమె సంగతి చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

తిరుమలమ్మది నగరి. రోజూ మరమగ్గాల షెడ్డులో పని, పిలుపొస్తే నాటకం. ఏబెల్‌ను ఇష్టపడి చేసుకుంది. కూతురు పుడితే ఏబెల్ కోరినట్టే నిస్సీ అని పేరు పెట్టుకున్నారు. బడికి పోయే వయసులో పిల్లకు విషజ్వరం వచ్చింది. తల్లి షెడ్డులో ఉండగా ప్రాణం పోయింది. ఆ తర్వాత ఏబెల్ ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఎత్తితే లేచి వీధిలోకి వెళ్లిపోయేవాడు. చుట్టాలూ, మేమూ అంతే, ఆమెను బాధపెట్టకూడదని నోరు కట్టుకున్నాం. ఓదార్పు పేరుతో అందరం కలిసి ఆ పిల్లను రెండోసారి పాతిపెట్టాం.

మా నాటకం రాసింది చెంగయ్య మాస్టారు. నేతపనివాళ్ల కథ. చివరి రంగంలో, జబ్బుతో పోయిన కూతుర్ని తల్లి వాకిట్లో నిలబడి పిలవాలి. రాతలో ఆ పిల్ల పేరు కమల. రిహార్సల్లో తిరుమలమ్మ నోట "నిస్సీ" అని వచ్చేసింది. అందరం బిగుసుకుపోయాం. మాస్టారు రాతలో కమల పేరు కొట్టేసి, "ఆ పేరే ఉండనీమ్మా" అన్నారు. అప్పటినుంచి ఆ పేరు గట్టిగా పిలవడానికి ఆమెకు లోకంలో ఉన్న చోటు ఆ స్టేజీ ఒక్కటే. జనం నటన అనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు. కొట్టుకోనీ.

ఈ మధ్య ఆమె గొంతు బొంగురుపోయింది. తిరుపతిలో డాక్టరు చూసి, లోపల గడ్డ ఉంది, ఇక అరిస్తే ఉన్న మాట కూడా పోతుందన్నాడు. నాటకమంటే అరవడమే కదా! సరిగ్గా అప్పుడే బాలాజీ వచ్చాడు. తిరుపతి కుర్రాడు, చిన్నప్పుడు మా నాటకం చూసినవాడు, ఇప్పుడు డైరెక్టరు. మా నాటకాన్ని సినిమాగా తీస్తానన్నాడు.

"అమ్మ ఏసం నువ్వే ఎయ్యాలక్కా. సినిమాలో అరిసే పన్లేదు, మెల్లిగా పిలిసినా సాలు" అన్నాడు.

వాడు వెళ్లాక ఆమె నాతో అంది: "ఒక్కసారి పిలిస్తే సాలన్నా. నా గొంతు పోయినా, నేనే పోయినా, ఆ బొమ్మ ఆడినప్పుడల్లా నా బిడ్డ పేరు పలకతా ఉంటాది."

షూటింగు నగరిలోనే, ఒక నేతగాడి ఇంట్లో. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్టేజీ మీద మైకులు పైనుంచి వేలాడుతుంటాయి. మాట చెప్పాలంటే మైకు కిందికి నడిచిపోవాలి, గడ్డం ఎత్తాలి, అప్పుడే వెనక వరుసకు వినబడేది. ఏళ్లు గడిస్తే అది కాళ్లకే అలవాటైపోతుంది. సినిమావాళ్లు కూడా పొడుగాటి కర్రకు మైకు కట్టి ఆమె తల మీద పట్టుకున్నారు. ఇంకేముంది, నోరు తెరిచే ముందు తిరుమలమ్మ మైకు కిందికి జరిగింది. కర్ర పట్టుకున్నవాడు వెనక్కి జరిగాడు. ఆమె ఇంకా జరిగింది. వాడు పోయి పోయి గోడకు ఆనుకున్నాడు. కెమెరా ముందు ఉత్త వాకిలి మిగిలింది. మొదట అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

"అక్కా, మైకే నీ ఎనకాల వస్తాది. నువ్వు దాని కాడికి పోవద్దు" అని బాలాజీ నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు.

మళ్లీ తీశారు, మళ్లీ తీశారు. గీత మీద నిలబడితే మాట రాలేదు. మాట వస్తే కాళ్లు ఆగలేదు. మెల్లిగా అనమంటే అరిచింది. ఎండ వాలేసరికి ఆ ఉన్న కాస్త గొంతూ గాలైపోయింది. ఆ వారంలోనే మద్రాసు నుంచి ఇంకొక నటి దిగింది.

తిరుమలమ్మ పోట్లాడలేదు. నన్ను వెంటబెట్టుకుని, బాలాజీ దిగిన లాడ్జికి పోయింది.

"ఏసం ఎవురికైనా ఇచ్చుకో నాయనా. పిల్ల పేరు మాత్రం మార్సొద్దు" అంది. ఆ నాలుగు మాటలకే ఆమెకు ఆయాసం వచ్చింది.

వాడు ఆమె చేతులు పట్టుకుని, "నీ మీదొట్టక్కా, మార్సను" అన్నాడు.

సినిమా వచ్చేదాకా ఆమె ఆ ఒట్టు పట్టుకునే బతికింది.

తిరుపతిలో మధ్యాహ్నం ఆటకు పోయాం. ఆ రంగం రానే వచ్చింది. మద్రాసు నటి వాకిట్లో నిలబడింది. ఎటూ జరగలేదు. పెదవులు మాత్రం కదిలించి, "చిట్టీ" అంది.

తిరుమలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చిట్టీ, లేమ్మా" అని ఆ నటి మళ్లీ పిలిచింది. హాల్లో ముక్కులు చీదుతున్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకూ కన్నీళ్లొచ్చాయి. అంత బాగా చేసింది ఆ మహాతల్లి. పేరు మార్చడానికి బాలాజీకి ఏదో కారణం ఉండే ఉంటుంది. దాన్ని వాడి దగ్గరే పెట్టుకోమనండి.

తిరుమలమ్మ లేచి నిలబడింది. తెరకేసి నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి గానీ, గాలి తప్ప ఏమీ రాలేదు. వెనకనుంచి ఎవరో "ఓమ్మా, కూసో. మేము సూడాల్నా వద్దా?" అని కసిరారు. ఆమె నా చొక్కా పట్టి లాగి, చెవి దగ్గర నోరు పెట్టి, "నువ్వు పిలువన్నా" అంది.

ఆ పిల్ల పేరు నా నోటితో పిలిచి ఎన్నేళ్లయిందో. లేచి, నాకున్న గొంతంతా పెట్టి "నిస్సీ!" అని పిలిచాను. ఎవడో ఈల వేశాడు. నలుగురు నవ్వారు. తలుపు దగ్గర టార్చిలైటు వెలిగింది.

"ఇంగొక్కసారన్నా."

పిలిచాను. టార్చిలైటు మనిషి మా వరుసలోకి వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. ఆమె నా చొక్కా వదల్లేదు. ఇంకోసారి, ఇంకోసారి అని పెదవులు కదుపుతూనే ఉంది.