జానన్న గొంతుకి నేను చేసిన రిపేరు

గోరంత స్క్రూడ్రైవర్‌తో ఒక పెళ్లి సంబంధాన్ని ఊడదీయబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీ ఎదుటే ఉన్నాను. నవ్వితే ఏమనుకుంటానో అని మొహమాటపడకండి. మా మట్టెవాడ అంతా ఎప్పుడో నవ్వేసింది.

ఎనభైల మొదట్లో నేను బీఎస్సీ ఫిజిక్సు చదువుతున్నాను. అంటే, లోకంలోని యంత్రాలన్నీ నా చేతుల కోసమే చెడిపోతాయని నమ్మే వయసు. పక్కింటి యాకూబ్ నా క్లాస్‌మేట్. వాళ్ల అన్న జానీని నేనూ జానన్న అనే పిలిచేవాణ్ణి. ఆయన సౌదీలో డ్రైవరు. ఆయన పంపిన టేప్‌రికార్డర్ వాళ్ల ముందు గదిలో పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని కొత్తల్లుడిలా మర్యాదలందుకునేది. ఉత్తరాలు రాసే ఓపిక లేక జానన్న మాట్లాడి పంపే క్యాసెట్లను వాళ్లమ్మ దాంట్లోనే వినేది. ఆమెను నేనూ ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాణ్ణి.

ఖాలా వంటింట్లోకి వెళ్లగానే అది మాదైపోయేది. ఒక ఇంగ్లిష్ హార్డ్ రాక్ బ్యాండంటే మాకు పిచ్చి. పాటల్లో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. కానీ ఆ గాయకుడి బొంగురు గొంతు వింటుంటే పరీక్ష తప్పినా ఫరవాలేదనిపించేది. తప్పేవాళ్లం కూడా.

ఒకసారి ఊరికొచ్చే ఒకాయన చేత జానన్న ఆ బ్యాండు కొత్త క్యాసెట్ పంపాడు. పెట్టి విన్నాం. గొంతు పీలగా ఎక్కడికో ఎగిరిపోతోంది. మా దేవుడి గొంతు కాదది. పైన చూస్తే అదే బ్యాండు పేరు. నేను క్షణమైనా ఆలోచించకుండా, మోటారు జోరుగా తిరుగుతోందని తేల్చేశాను. మోటారు వెనక చిన్న బెజ్జంలో స్క్రూ తిప్పి వేగం తగ్గించడం చౌరస్తాలో రేడియో మెకానిక్ దగ్గర ఒకసారి చూశాను. ఫిజిక్సు విద్యార్థికి ఒకసారి చాలదా?

విప్పాను. పీల గొంతు బొంగురు గొంతయ్యేదాకా తిప్పాను.

యాకూబ్ చెవి ఆనించి విన్నాడు. “గొంతైతే ఆయనదేరా. కని డ్రమ్ములు కొట్టెటోడు నిద్రపోతాండు.”

అది వాళ్ల కొత్త పద్ధతని నచ్చజెప్పాను.

ఆ శుక్రవారమే నెక్కొండ నుంచి పెద్దమనిషి ఒకాయన, జానన్నకు తన కూతుర్నిచ్చే విషయం తేల్చుకోవడానికి వచ్చాడు. ఫోటో నచ్చింది, పిల్లవాడి మాటతీరు వింటానన్నాడు. అందుకోసమే జానన్న ఒక క్యాసెట్ పంపాడు. ఖాలా దాన్ని ముందుగా వినకుండా ఆయన ఎదుటే పెట్టాలని దాచింది. జానన్నకు సెలవు రెండేళ్లకోసారి, అది దగ్గర్లోనే ఉంది. ఈ సంబంధం తప్పితే మళ్లీ రెండేళ్ల మాట. పైగా ఆ పిల్ల మీద ఖాలా మనసు పడింది.

ఖాలా మీట నొక్కింది.

“అమ్మా... నేనూ... మంచిగ... ఉన్నా...”

గొంతు పాడుబావిలోంచి వస్తోంది. మాటకీ మాటకీ మధ్య మనిషి కునుకు తీసి లేస్తున్నట్టుంది.

“పిలగానికి ఎన్నేండ్లన్నరు?” అన్నాడు నెక్కొండాయన.

“ఇరవై ఏడు, అన్నా,” అంది ఖాలా.

“ఫోటోల ఇరవై ఏడే ఉన్నయి. గొంతుల అరవై ఉన్నయమ్మా.” కాసేపు విని మళ్లీ, “తాగుతడా?” అన్నాడు.

సౌదీలో మందు దొరకదని యాకూబ్ గుర్తుచేశాడు.

“దొరకని కాడనే గిట్లుంటే, ఇంటికొస్తే ఎట్లుంటడు?”

ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఖాలా అదేమీ పట్టించుకోలేదు. కూలబడి ఏడుస్తోంది. కొడుక్కి పక్షవాతం వచ్చి దవాఖానలో పడి ఉన్నాడని, తనకు చెప్పకుండా దాచారని ఆమె అనుకుంది. ఆ ఏడుపు చూసి నాకు భయమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“ఖాలా, జానన్నకేం కాలే. అయింది మిషన్‌కు. జేసింది నేను,” అన్నాను.

స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంది. ఎక్కడికి పోతుంది? అందరి ముందూ విప్పి తిప్పాను. తొందరలో ఎక్కువ తిరిగి, జానన్న పిప్పరమెంటు బిళ్లల కోసం మారాం చేసే పిల్లాడైపోయాడు. ఖాలా కొంగుతో కళ్లు తుడుచుకుని, కళ్లు మూసుకుని వింది.

“ఇంక జర తగ్గించు. ఇంక జర. ఆగు. గిదే. గిదే నా కొడుకు.”

నెక్కొండాయన మాత్రం కరగలేదు. “అటు తిప్పితే అరవై, ఇటు తిప్పితే ఆరు. మీకు కావాల్సిన కాడ ఆపుకున్నరు. నేనెట్ల నమ్మాలె?”

చివరికి ఆయనే సంచిలోంచి అప్పుడే బజారులో కొన్న కవ్వాలీ క్యాసెట్ తీసి పెట్టమన్నాడు. ఆ గాయకుడి గొంతు ఆయనకు కొట్టిన పిండి. ఒక పాట విన్నాడు. తల ఊపుతూ రెండోదీ విన్నాడు. మూడోదానికి మేమూ తల ఊపాం.

“మిషన్ సరిగ్గనే ఉన్నది. ఇగ పిలగాన్ని పెట్టు.”

జానన్న చక్కగా, మర్యాదగా, ఇరవై ఏడేళ్ల వాడిలా మాట్లాడాడు. నెక్కొండాయన ముఖం విప్పారింది. చివర్లో జానన్న అన్నాడు కదా:

“అమ్మా, యాకూబ్‌కు, పక్కింటోనికి చెప్పు. గా ఇంగ్లిష్ బ్యాండుల పాత పాటగాడు పోయిండట. కొత్తాయనను పెట్టుకున్నరు. గొంతు మారిందని మిషన్ విప్పకుండ్రి.”

గదిలో అందరూ నావైపు తిరిగారు. టేపు కూడా తిరుగుతూనే ఉంది.

సంబంధం కుదిరింది. జానన్న సెలవు మీద వచ్చాడు. నిఖా రోజున మైకు ముందు ఆయన పెళ్లికి ఒప్పుకుంటూ “కుబూల్” అంటున్నప్పుడు, మామగారైన నెక్కొండాయన అల్లుడి ముఖం చూడలేదు. నా చేతులు చూశాడు.

కనుక మట్టెవాడ, నెక్కొండ పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి గొంతు తేడాగా వినిపించినా, పాడేది ఎవరని ముందు అడుగుతాను. ఆ నిఖా రోజున జానన్న మామగారు నా జేబులోంచి తీసుకున్న స్క్రూడ్రైవర్ ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. నేనూ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.